గడప దాటితే... సర్వర్‌ డౌన్‌!

బ్యాంకులో, ఏటీఎం దగ్గర, రిజర్వేషన్‌ కౌంటర్లో... ఎక్కడో ఒకచోట అందరం వినేమాటే 'సర్వర్‌ డౌనండీ, తర్వాత రండి!' ఆ మాట వెనక కరెంటు పోవడం ఉండొచ్చు, నెట్‌ తెగిపోవడం ఉండొచ్చు. ఒక్కోసారి మాత్రం కారణం మరీ చిన్నది. ఎక్కడో ఒక ప్రోగ్రాము తనకిచ్చిన చోటు దాటి పక్క గదిలో కాలు పెట్టి ఉంటుంది. అంతే! ఆ ఒక్క అడుగుకే విమానాలు ఆగిన రోజూ ఉంది. ఇంతకీ ఆ అడుగు ఎందుకు పడుతుంది? వేసినవాణ్ని ఎలా పట్టుకుంటారు?

2024 జులై 19, శుక్రవారం. హైదరాబాద్‌ విమానాశ్రయంలో కోల్‌కతా వెళ్లాల్సిన ఓ ప్రయాణికుడికి ఇండిగో సిబ్బంది బోర్డింగ్‌ పాస్‌ ఇచ్చారు... పెన్నుతో రాసి! పేరు, విమానం నంబరు, సీటు నంబరు అన్నీ చేతిరాతే. ఆ కాగితం ఫొటో ఆ రోజు దేశమంతా చక్కర్లు కొట్టింది. 'పాతరోజులు గుర్తొచ్చాయి' అని కొందరు నవ్వుకున్నారు. కానీ అదే సమయంలో ప్రపంచంలో చాలాచోట్ల నవ్వుకునే పరిస్థితి లేదు. ఆసుపత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. టీవీ ప్రసారాలు ఆగాయి. విమానాశ్రయాల్లో తెరలన్నీ నీలిరంగులోకి మారిపోయాయి. అమెరికాకు చెందిన డెల్టా సంస్థ ఒక్కటే ఆ తర్వాతి రోజులతో కలిపి దాదాపు 7 వేల విమానాలను రద్దు చేసుకుంది.

కారణం హ్యాకర్లు కాదు. క్రౌడ్‌స్ట్రైక్‌ అనే సంస్థ కంప్యూటర్ల రక్షణకోసం తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌! మన కాలమానం ప్రకారం ఆ ఉదయం 9 గంటల 39 నిమిషాలకు ఆ సంస్థ ఓ చిన్న ఫైలును ఇంటర్నెట్‌ ద్వారా పంపింది. తప్పు తెలుసుకుని 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది. ఆలోపే జరగాల్సింది జరిగిపోయింది. దాదాపు 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్‌ అంచనా వేసింది. అదీ ప్రపంచంలో ఉన్న విండోస్‌ కంప్యూటర్లలో ఒక్క శాతంలోపే!

ఇంతకీ ఆ తప్పేంటి? బంతిలో ఇరవై విస్తళ్లు వేసి, 'ఇరవై ఒకటో విస్తరిలో ఏం వడ్డించారో చూసి రా' అని పంపితే ఎలా ఉంటుంది? అదే జరిగింది. ఆ ఫైలు 21 వివరాల కోసం అడిగింది. సాఫ్ట్‌వేర్‌ దగ్గర ఉన్నవి 20. ఇరవై ఒకటోదాని కోసం తనది కాని చోట చెయ్యిపెట్టింది. పరీక్షించినప్పుడు ఎందుకు తెలియలేదంటే, అంతకుముందు పంపిన ఫైళ్లన్నిట్లో ఇరవై ఒకటో గడిలో 'ఏదైనా ఫర్వాలేదు' అన్న గుర్తు ఉండేది. కాబట్టి అక్కడికి వెళ్లి చూడాల్సిన అవసరమే రాలేదు!

సాఫ్ట్‌వేర్‌ ఇంజినీర్ల భాషలో దీని పేరు 'మెమరీ యాక్సెస్‌ క్రాష్‌'. మన ఇంట్లో అబ్బాయో అమ్మాయో అర్ధరాత్రి ఫోన్‌ మోగితే ఉలిక్కిపడి లేచి ల్యాప్‌టాప్‌ ముందు కూర్చుంటే, అందుకు కారణం చాలాసార్లు ఇలాంటిదే.

మెమరీ... ఓ పొడవాటి వీధి

కంప్యూటర్‌ మెమరీని ఓ పొడవాటి వీధి అనుకోండి. అందులో వరసగా గదులు. ప్రతి గదికీ ఓ నంబరు. ఒక్కో గదిలో ఒక్క బైటు సమాచారం పడుతుంది. 8 జీబీ మెమరీ ఉన్న మామూలు ఫోనులో ఇలాంటి గదులు దాదాపు 859 కోట్లు! ప్రపంచంలో ఉన్న మనుషులందరికీ తలా ఒకటి ఇచ్చినా ఇంకా మిగులుతాయి.

ప్రోగ్రాము తనకు కావలసినన్ని గదులు అడిగి తీసుకుంటుంది. పని అయ్యాక ఖాళీ చేస్తుంది. తనవి కాని గదుల్లోకి వెళ్తే వీధి కాపలాదారు, అంటే ఆపరేటింగ్‌ సిస్టమ్‌, అక్కడికక్కడే ఆ ప్రోగ్రామును ఆపేస్తుంది. విండోస్‌లో దీన్ని 'యాక్సెస్‌ వయొలేషన్‌' అనీ, యూనిక్స్‌, లినక్స్‌లలో 'సెగ్మెంటేషన్‌ ఫాల్ట్‌' అనీ అంటారు. తప్పు చేసింది సాక్షాత్తూ కాపలాదారు ఇంట్లో ఉండే సాఫ్ట్‌వేరే అయితే మొత్తం కంప్యూటరే ఆగిపోతుంది. 2024లో నీలి తెరలు కనిపించింది అందుకే.

మరి కాపలాదారు ఉండగా భయమెందుకు? అక్కడే ఉంది చిక్కు. గదికో కాపలాదారు ఉండడు. సాధారణంగా 4,096 గదులకు కలిపి ఒకే గేటు. ఆ గేటు లోపల మన ప్రోగ్రాము తన సొంత పక్కగదినే పాడుచేసుకున్నా ఎవరూ అడగరు. అప్పటికి ఏమీ కాదు. ఆ పక్కగదిలోని వస్తువుతో పనిపడ్డప్పుడు... అదీ గంట తర్వాత కావచ్చు, మర్నాడు కావచ్చు... అప్పుడు కుప్పకూలుతుంది. తప్పు ఒకచోట, శవం ఇంకొకచోట!

ఈ బాధ ఎక్కువగా సీ, సీ ప్లస్‌ప్లస్‌ భాషల్లో రాసిన ప్రోగ్రాములకు. 1970ల మొదట్లో అమెరికాలోని బెల్‌ ల్యాబ్స్‌లో డెనిస్‌ రిచీ సీ భాషను తయారుచేశాడు. వేగం దాని బలం. 'రాసేవాడికి అన్నీ తెలుసు' అన్న నమ్మకం దాని స్వభావం. ముప్ఫై గదులు తీసుకుని నలభయ్యో గదిలో రాయబోయినా అది వారించదు. ఆ వేగం కోసమే ఆపరేటింగ్‌ సిస్టమ్‌లనూ డేటాబేస్‌లనూ వాటి డ్రైవర్లనూ ఎక్కువగా ఈ భాషల్లోనే రాశారు.

డ్రైవరంటే దుబాసీ!

బ్యాంకు ఖాతాలు, రేషన్‌ కార్డులు, పరీక్ష మార్కులు... ఇలాంటి వివరాలన్నీ భద్రంగా ఉండే కొట్టు డేటాబేస్‌. ఆ వివరాలు కావాల్సిన ప్రోగ్రాము వేరు. ఇద్దరి భాషా ఒకటి కాదు. మధ్యలో మాట్లాడిపెట్టేదే 'డేటాబేస్‌ డ్రైవర్‌'. పేరు విని బస్సు డ్రైవరును ఊహించుకోవద్దు. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో దొరలకూ మనవాళ్లకూ మధ్య ఉండే దుబాసీ గుర్తున్నాడు కదా, అచ్చంగా అతనే.

ఈ దుబాసీ పనులు మూడు. ప్రోగ్రాము ప్రశ్నను డేటాబేస్‌కు అర్థమయ్యేలా చెప్పడం, జవాబును మోసుకురావడం, ఆ జవాబు మూట విప్పి ప్రోగ్రాము చూపించిన గదుల్లో సర్దడం. ప్రమాదమంతా మూడోపనిలోనే. ఎందుకంటే డేటాబేస్‌ ఎక్కడో వేరే కంప్యూటర్లో ఉంటుంది. దుబాసీ మాత్రం ప్రోగ్రాము ఇంట్లోనే మకాం. సర్దేటప్పుడు చెయ్యి జారితే పోయేది ఇంటాయనే! అవతల డేటాబేస్‌ నిక్షేపంగా ఉంటుంది. ఇవతల ప్రోగ్రాము పోతుంది. కౌంటర్లో కూర్చున్నాయన మనతో 'సర్వర్‌ డౌన్‌' అంటాడు.

'లక్ష్మి'కి ఎన్ని గదులు?

ఇది అర్థం కావాలంటే ఓ ఉదాహరణ చూద్దాం. ఓ కాలేజీలో విద్యార్థుల పేర్లు చూపించే ప్రోగ్రాము ఉందనుకోండి. పేరు కోసం 30 గదులు కేటాయించారు. ఏళ్ల తరబడి ఇంగ్లిష్‌లోనే పేర్లు ఉండటంతో ఏ ఇబ్బందీ రాలేదు. ఇంగ్లిష్‌లో అక్షరానికి ఒక గదే చాలు. ఓ రోజు 'పేర్లు తెలుగులోనూ ఉండాలి' అని నిర్ణయించారు.

తెలుగు సంగతి వేరు. ఇంటర్నెట్‌లో అంతటా వాడే యూటీఎఫ్‌-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు గదులు కావాలి. అక్షరమంటే మనం అనుకునే అక్షరం కాదు. గుణింతం గుర్తుకు వేరే లెక్క, వత్తు కోసం పెట్టే పొల్లుకు వేరే లెక్క. 'లక్ష్మి' కంటికి రెండక్షరాలే. కంప్యూటరుకు మాత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి... మొత్తం ఏడు. ఏడు మూళ్లు ఇరవై ఒకటి. ఇంగ్లిష్‌లో ఏడు గదుల్లో సర్దుకునే లక్ష్మికి తెలుగులో 21 గదులు కావాలన్నమాట!

ఇక 'వెంకటసుబ్బలక్ష్మి' వచ్చిందనుకోండి. ఇంగ్లిష్‌లో 19 గదులు. తెలుగులో 17 గుర్తులు, అంటే 51 గదులు. చివర 'పేరు అయిపోయింది' అని చెప్పే గుర్తుకు ఇంకొకటి. మొత్తం 52. మన దుబాసీ గదులు లెక్కపెట్టాల్సింది పోయి గుర్తులు లెక్కపెట్టాడు. '17 కదా, 30లో హాయిగా పడుతుంది' అనుకుని మూట విప్పాడు. 30 నిండాక మిగిలిన 22 పక్కగదుల్లోకి వెళ్లిపోయాయి. ఆ గదుల్లో ఉన్నది... తర్వాతి విద్యార్థి వివరాలు ఎక్కడున్నాయో చెప్పే చిరునామా! అది కాస్తా చెరిగిపోయింది.

వెంకటసుబ్బలక్ష్మి పేరు మాత్రం తెరమీద చక్కగా కనిపిస్తుంది. ఆమె తర్వాతి విద్యార్థి దగ్గరకొచ్చేసరికి ప్రోగ్రాము ఢామ్మంటుంది. చూసినవాళ్లు సహజంగానే ఆ తర్వాతి విద్యార్థి వివరాల్లో లోపం ఉందని వెతుకుతారు. ఎంత వెతికినా దొరకదు. పాపం, అక్కడ తప్పేమీ లేదు మరి!

పోస్ట్‌మార్టం ఇలా...

ఇలాంటి కేసును ఛేదించే పద్ధతి అచ్చం పోలీసు దర్యాప్తులాగే ఉంటుంది. ఇంజినీర్లు దీన్ని పోస్ట్‌మార్టం అనే పిలుస్తారు.

మొదటిది పంచనామా. ప్రోగ్రాము చనిపోయిన క్షణంలో దాని మెమరీ మొత్తాన్నీ ఓ ఫైలులోకి దింపుతారు. దీని పేరు 'కోర్‌ డంప్‌'. 1950, 60ల్లో కంప్యూటర్‌ మెమరీని చిన్నచిన్న అయస్కాంత ఉంగరాలతో చేసేవారు. వాటిని కోర్‌ అనేవారు. ఉంగరాలు పోయాయి, పేరు మిగిలింది.

రెండోది సాక్షుల వాంగ్మూలం. చనిపోయే ముందు ప్రోగ్రాములో ఏ భాగం ఏ భాగాన్ని పిలిచిందో వరస చూస్తారు. జీడీబీ లాంటి డీబగ్గర్లు ఈ జాబితాను చూపిస్తాయి. అయితే జాబితాలో పైన ఉన్నదే దోషి అనుకుంటే పొరపాటు. అది శవం దొరికిన చోటు మాత్రమే.

మూడోది వేలిముద్రలు. ఏ చిరునామాకు వెళ్లబోయి ప్రోగ్రాము పడిపోయిందో ఆ అంకెను పరీక్షగా చూస్తారు. అది సున్నా అయితే 'అసలు చిరునామానే రాయలేదు' అని అర్థం. ఖాళీచేసిన గదుల్లో 'డెడ్‌బీఫ్‌' అనే మాట వచ్చేలా గుర్తులు నింపే వ్యవస్థలు కొన్ని ఉన్నాయి. ఆ మాట కనిపిస్తే ఖాళీ చేసిన ఇంటికి వెళ్లారని అర్థం. మన ఉదాహరణలో అయితే ఇంకా చక్కటి ఆధారం ఉంటుంది. యూటీఎఫ్‌-8లో తెలుగు అక్షరం ఏదైనా సరే 'ఈ0 బీ0' అనో 'ఈ0 బీ1' అనో మొదలవుతుంది. చిరునామా ఉండాల్సిన చోట ఆ గుర్తులు కనిపించాయంటే... తెలుగు పేరెవరిదో పక్కింట్లోకి వచ్చి పడిందన్నమాట! తెలిసినవాళ్లకు సగం కేసు అక్కడే తేలిపోతుంది.

నాలుగోది నేరాన్ని మళ్లీ జరిపించి చూడటం. లక్షమంది విద్యార్థుల్లో ఏ పేరు దగ్గర తేడా వస్తోంది? ఒక్కొక్కటీ చూస్తే తెల్లవారుతుంది. అందుకే జాబితాను సగానికి విడగొడతారు. ఏ సగంతో కూలుతుందో చూసి, దాన్ని మళ్లీ సగం చేస్తారు. లక్ష పేర్లున్నా పదిహేడు సార్లలో అసలు పేరు తేలిపోతుంది.

ఐదోది నిఘా. తప్పు జరిగిన తర్వాత కాదు, జరుగుతుండగానే పట్టుకునే పరికరాలున్నాయి. పొలం చుట్టూ కరెంటు కంచె వేసినట్టు, కేటాయించిన గదుల పక్కనే ఎవరూ అడుగుపెట్టకూడని స్థలాన్ని వదిలే 'ఎలక్ట్రిక్‌ ఫెన్స్‌' ఇలాంటివాటిలో పాతది. బ్రూస్‌ పెరెన్స్‌ దాని రచయిత. 2002లో జూలియన్‌ సీవర్డ్‌ 'వాల్‌గ్రిండ్‌'ను విడుదల చేశాడు. స్కాండినేవియా పురాణాల్లో వీరస్వర్గం ముఖద్వారం పేరది. ప్రోగ్రాము వేసే ప్రతి అడుగునూ అది పక్కనే ఉండి చూస్తుంది. అందుకే దాని కింద ప్రోగ్రాము నత్తనడక నడుస్తుంది. తర్వాత గూగుల్‌ ఇంజినీర్లు తెచ్చిన 'అడ్రస్‌ శానిటైజర్‌' ఈ బాధను చాలావరకు తగ్గించింది. దాంతో వేగం సుమారు సగానికి తగ్గుతుందంతే. 'ఫలానా వరసలో, 30 గదుల తర్వాతి గదిలో రాశావు' అని వేలు పెట్టి చూపిస్తుంది.

ఇక చివరిది మరమ్మతు. రోజుల తరబడి వెతికినదానికి మందు ఒక్కోసారి ఒకే ఒక్క వరస. గుర్తులు కాదు, గదులు లెక్కపెట్టాలి. చోటు చాలకపోతే 'పేరు పట్టలేదు' అని ప్రోగ్రాముకు చెప్పాలి తప్ప గోడ దూకకూడదు. దాంతోపాటు వెంకటసుబ్బలక్ష్మి పేరునే శాశ్వతంగా ఓ పరీక్షగా పెట్టేస్తారు. రేపెవరైనా మళ్లీ అదే తప్పు చేస్తే ఆ పేరే పట్టిస్తుంది.

ఇవీ పాత నేరస్తులే!

డేటాబేస్‌ డ్రైవర్ల దగ్గర తరచూ దొరికే దొంగలు ఇంకా కొందరున్నారు.

ఖాళీ గడి: దరఖాస్తులో ఫోన్‌ నంబరు రాయకుండా వదిలేస్తే డేటాబేస్‌లో ఆ గడిని 'నల్‌' అంటారు. డేటాబేస్‌లతో మాట్లాడేందుకు 1992లో మైక్రోసాఫ్ట్‌ తెచ్చిన ఓడీబీసీ పద్ధతిలో ఇలాంటి గడి వచ్చినప్పుడు డ్రైవరు దాని పొడుగు 'మైనస్‌ ఒకటి' అని చెబుతుంది. 'ఇక్కడ ఏమీ లేదు' అని దాని భావం. అది తెలియక ప్రోగ్రాము దాన్ని నిజంగానే పొడుగు అనుకుంటే? మైనస్‌ గుర్తు పట్టించుకోని 32 బిట్ల లెక్కలో మైనస్‌ ఒకటి కాస్తా 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 అయిపోతుంది! అన్ని గదులు చదవబోయి దారిలోనే కూలిపోతుంది.

సైజు మారిన పెట్టె: ఓడీబీసీలో కొన్ని కొలతలకు 32 బిట్ల కంప్యూటర్లలో నాలుగు గదులు చాలేవి. 64 బిట్లు వచ్చాక ఎనిమిది అయ్యాయి. పాత ప్రోగ్రాము నాలుగే ఇస్తుంది. కొత్త డ్రైవరు ఎనిమిదింట్లో రాస్తుంది. మిగతా నాలుగూ ఎవరివి? పక్కవాళ్లవి!

ఖాళీ చేసిన ఇల్లు: పని అయిందని డేటాబేస్‌తో సంబంధాన్ని ఒకరు తెంచేస్తారు. అది తెలియని ఇంకొకరు పాత చిరునామాకే ఉత్తరాలు రాస్తుంటారు. ఆ ఇంట్లోకి అప్పటికే కొత్తవాళ్లు దిగి ఉంటారు. కొన్నాళ్లు ఏమీ తెలియదు. తెలిసిన రోజున ఎవరి ఉత్తరం ఎవరికి చేరిందో కూడా తెలియదు.

చూస్తే మాయం

స్కూటరు రోజూ మొరాయిస్తుంది. మెకానిక్‌ దగ్గరికి తీసుకెళ్తే ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది. అలాంటి బగ్‌లూ ఉన్నాయి. ఒకే సమయంలో రెండు పనులు ఒకే గది కోసం పోటీపడితే వచ్చే తప్పులు ఎక్కువగా ఈ బాపతే. ఏం జరుగుతుందో చూద్దామని ఓ వరస కలిపితే చాలు, వేగం కాస్త మారి తప్పు మాయమవుతుంది! పరిశీలించడమే పరిశీలించేదాన్ని మార్చేస్తుందంటూ భౌతిక శాస్త్రవేత్త హైసెన్‌బర్గ్‌ పేరును కలిపి వీటికి 'హైసెన్‌బగ్‌' అని పేరుపెట్టారు.

1985లో 'కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయి' అని పరిశోధించి ఈ రకం బగ్‌ల గురించి వివరంగా రాసినవాడు డేటాబేస్‌ శాస్త్రవేత్త జిమ్‌ గ్రే. డబ్బు లావాదేవీలు మధ్యలో తెగిపోయినా లెక్క తప్పకుండా చూసే పద్ధతులపై చేసిన కృషికి 1998లో ఆయనకు ట్యూరింగ్‌ అవార్డు వచ్చింది. బాగా పరీక్షించిన సాఫ్ట్‌వేర్‌లో మిగిలే తప్పుల్లో చాలావరకు హైసెన్‌బగ్‌లేననీ, పడిపోయిన ప్రోగ్రాము మళ్లీ మొదలుపెడితే మామూలుగానే నడుస్తుందనీ ఆయన గమనించాడు. 'ఆఫ్‌ చేసి ఆన్‌ చెయ్యండి' అన్న సలహాకు ఉన్న శాస్త్రం ఇదే!

ఆయన కథ ముగిసిన తీరు మాత్రం విషాదం. 2007 జనవరి 28న అమ్మ అస్థికలు సముద్రంలో కలపడానికి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఒంటరిగా పడవలో బయల్దేరాడు. తిరిగి రాలేదు. ఉపగ్రహ చిత్రాలను ముక్కలు చేసి ఇంటర్నెట్‌లో పెడితే వేలమంది ఒక్కో ముక్కనూ కళ్లు చిట్లించి వెతికారు. జీవితమంతా వివరాలు పోకుండా చూసిన మనిషి ఆచూకీ దొరకనేలేదు.

376 బైట్ల తుపాను

గడప దాటడం వల్ల ప్రోగ్రాము పడిపోతే అది అదృష్టమే. పడిపోకుండా, ఆ తెరిచిన తలుపులోంచి దొంగ లోపలికొస్తేనే అసలు ప్రమాదం.

2003 జనవరి 25న అదే జరిగింది. మైక్రోసాఫ్ట్‌ ఎస్‌క్యూఎల్‌ సర్వర్‌ 2000 అనే డేటాబేస్‌లో, బయటినుంచి వచ్చే ఓ పేరు పొడుగును సరిచూసుకోని చిన్న భాగం ఉంది. మన వెంకటసుబ్బలక్ష్మి కథే! 'స్లామర్‌' అనే వైరస్‌ అక్కడికి పొడవాటి పేరును పంపింది. చోటు దాటి పడ్డ ఆ పేరులోనే దాని ఆదేశాలున్నాయి. వైరస్‌ మొత్తం 376 బైట్లు. 'లక్ష్మి' అని తెలుగులో పద్దెనిమిది సార్లు రాసినంత కూడా లేదు. మొదట్లో ప్రతి ఎనిమిదిన్నర సెకన్లకు రెట్టింపవుతూ, సుమారు పది నిమిషాల్లోనే ప్రపంచమంతా పాకింది. దాదాపు 75 వేల కంప్యూటర్లు దాని బారినపడ్డాయి. అమెరికాలో ఒక్క బ్యాంకుకు చెందిన వేల ఏటీఎంలు పనిచెయ్యలేదు. సియాటిల్‌ సమీపంలో అత్యవసర ఫోన్లు తీసుకునే సిబ్బంది కాగితం, పెన్ను పట్టారు. దక్షిణ కొరియాలో ఇంటర్నెట్టే స్తంభించింది.

విచిత్రమేంటంటే, ఆ లోపానికి మందును మైక్రోసాఫ్ట్‌ ఆరు నెలల ముందే, 2002 జులైలోనే విడుదల చేసింది. వేసుకోనివాళ్లే ఎక్కువ!

21 అంతస్తులు ఎక్కించిన క్రాష్‌

2006లో కెనడాలోని వాంకూవర్‌లో ఓ యువ ప్రోగ్రామరు ఇంటికొచ్చేసరికి లిఫ్టు పనిచెయ్యలేదు. దాని సాఫ్ట్‌వేర్‌ క్రాషయింది. అదేం మొదటిసారి కాదు. ఇల్లేమో 21వ అంతస్తులో! మెట్లెక్కుతూ విసుక్కున్న ఆ కుర్రాడు గ్రేడన్‌ హోర్‌. మనుషులు లిఫ్టును కూడా క్రాషవకుండా నడపలేరా అనుకుంటూ ల్యాప్‌టాప్‌ తెరిచి కొత్త కంప్యూటర్‌ భాషకు రూపకల్పన మొదలుపెట్టాడు. అదే 'రస్ట్‌'. తర్వాత మొజిల్లా సంస్థ చేయూతనివ్వగా 2015లో మొదటి పూర్తి వెర్షన్‌ వచ్చింది.

ఈ భాషలో ఓ నియమం ఉంది. మీ పుస్తకాన్ని ఎవరికైనా అరువిచ్చారనుకోండి. అది తిరిగొచ్చేదాకా మీరు దాన్ని పాత పేపర్లవాడికి అమ్మడానికి వీల్లేదు. మెమరీ గదులకూ అంతే. ఎవరు యజమాని, ఎవరు అరువు తీసుకున్నారు అన్న లెక్క తేలకపోతే ఆ ప్రోగ్రాము తయారే కాదు. గడప దాటబోతే పక్కగదిలోకి వెళ్లనివ్వకుండా అక్కడికక్కడే ఆగిపోతుంది. అంటే రస్ట్‌ ప్రోగ్రామూ ఆగొచ్చు కానీ, పొరుగింటిని పాడుచేసి కాదు.

జావా, పైథాన్‌ లాంటి భాషలూ గడప దాటనివ్వవు. అయితే పైన పైథాన్‌ ఉన్నా, లోపల పనిచేసే డేటాబేస్‌ డ్రైవరు సీ భాషలోదే అయిన సందర్భాలు బోలెడు. తళతళలాడే పాలరాతి గచ్చు కింద పాత పునాదిలా అన్నమాట.

తమ ఉత్పత్తుల్లో ఏటా సరిదిద్దే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీ తప్పులేనని 2019లో మైక్రోసాఫ్ట్‌ ఇంజినీర్లు చెప్పారు. ఆండ్రాయిడ్‌ ఫోన్ల సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటివి 2019లో 76 శాతం. కొత్తగా రాసేవాటిని రస్ట్‌ లాంటి భాషల్లో రాయడం మొదలుపెట్టాక 2024 నాటికి అది 24 శాతానికి తగ్గింది. పాతవాటిని తిరగరాయకుండానే! ఇలాంటి భాషలవైపు మళ్లాలని 2024 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్ష కార్యాలయం కూడా ఓ నివేదికలో సూచించింది. అయితే దశాబ్దాలుగా పోగైన సీ ప్రోగ్రాములు ఒక్కరోజులో పోయేవి కావు. వాటిని కాపాడుకుంటూ వచ్చే డిటెక్టివుల పని ఇంకా చాలాకాలం ఉంటుంది.

మీ ఇంట్లో బీటెక్‌ విద్యార్థి ఉంటే...

ఈ డిటెక్టివు విద్య నేర్చుకోవడానికి ఖర్చేమీ అక్కర్లేదు. జీడీబీ, వాల్‌గ్రిండ్‌, అడ్రస్‌ శానిటైజర్‌... అన్నీ ఉచితమే.

కాలేజీ ల్యాబులో రాసే సీ ప్రోగ్రామును ఒకసారి అడ్రస్‌ శానిటైజర్‌ పెట్టి నడిపి చూడమనండి. కంపైల్‌ చేసేటప్పుడు ఒక్క ఆప్షన్‌ కలిపితే చాలు. 'జవాబు సరిగ్గానే వచ్చింది' అనుకున్న ప్రోగ్రాములో గడప దాటిన చోట్లు బయటపడొచ్చు.

క్రాషయితే వెంటనే తీసేసి మళ్లీ నడపడం కాదు, ముందు కోర్‌ డంప్‌ తీసి దాచుకోవాలి. శవం లేకపోతే పోస్ట్‌మార్టం ఎక్కడిది!

ఫోనుకూ కంప్యూటరుకూ వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లను 'తర్వాత చూద్దాం' అని వాయిదా వెయ్యకపోవడం మనందరి వంతు. స్లామర్‌కు దొరికిపోయింది అలా అనుకున్నవాళ్లే.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ప్రాజెక్టు కోసం పేర్లు నమోదు చేసుకునే ప్రోగ్రాము ఏది రాసినా ఇంగ్లిష్‌లో నాలుగక్షరాల పేరుతో పరీక్షించి వదిలెయ్యొద్దని చెప్పండి. ఇంట్లోవాళ్లందరిలోకీ పొడవైన పేరు ఎవరిదో కనుక్కుని తెలుగులో ఇంటిపేరుతో సహా కొట్టి చూడమనండి. బహుశా అది ఏ అమ్మమ్మ పేరో అయ్యుంటుంది. ఆ పేరును నిలబెట్టిన ప్రోగ్రాము ఎవరి పేరునైనా నిలబెడుతుంది!